విదేశంలో ఆసుపత్రి పాలైతే ఏం చేయాలి: సూట్‌కేసు సర్దే రోజు నుంచే మొదలుపెట్టండి

మా నాన్నగారు అమెరికాలో మా తమ్ముడింట్లో ఉండగా రెండు రోజులపాటు గుండెనొప్పి దాచిపెట్టారు. "గ్యాసేలే" అని వాము నమిలారు. సోడా తాగారు. అమ్మ గట్టిగా అడిగితే చెప్పిన మాట ఇది: "ఇక్కడ హాస్పిటల్ గుమ్మం తొక్కితే మన కొబ్బరితోట అమ్ముకోవాలంటగా." మూడో రోజు తెల్లారుజామున చెమటలు పట్టి సోఫాలో కూలబడ్డాక అంబులెన్సు వచ్చింది. స్టెంటు వేశారు, బతికారు. ఆ రెండు రోజుల ఆలస్యానికి గుండె కండరం కొంత దెబ్బతింది, బిల్లు కూడా పెరిగింది. ఏ ఖర్చుకి భయపడ్డారో ఆ ఖర్చే రెట్టింపయి కూర్చుంది.

కోనసీమ నుంచి, అటు పాలకొల్లు, నరసాపురం, భీమవరం వైపు నుంచి పిల్లల దగ్గరికి ఆరు నెలలు వెళ్ళొచ్చే అమ్మానాన్నలు, కువైట్, మస్కట్, దోహాల్లో ఇంటిపనికి వెళ్ళే అక్కచెల్లెళ్ళు ఉన్న ఊళ్ళు మనవి. వెళ్ళేవాళ్ళ కోసమే కాదు, పంపేవాళ్ళ కోసం కూడా రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదండి. నాన్న ఆసుపత్రిలో ఉన్న పదకొండు రోజులూ అమలాపురంలో కూర్చుని ఫోన్లో కాగితాలు పంపినవాణ్ణి.

మొదట మాత్రల సంచి

అక్కడ తెల్లారుజాము నాలుగు, ఇక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర. తమ్ముడు వీడియో కాల్ చేశాడు. నర్సు చేతిలో నాన్న మాత్రల స్ట్రిప్పు. మన మందుల షాపులో పది మాత్రలడిగితే పదీ కత్తిరించి ఇస్తారు కదా, ఆ కత్తిరింపులో మందు పేరు అవతలి ముక్కకి పోయింది. ఈ ముక్క మీద మిగిలింది "75" అన్న అంకె, సగం తెగిన తయారీ తేదీ. ఆవిడ అడిగేది ఒకటే ప్రశ్న: ఇది ఆస్పిరినా, క్లోపిడోగ్రెలా? మన దగ్గర రెండూ 75 మిల్లీగ్రాముల్లో దొరుకుతాయి. రక్తం పలచబడే మందు ఏది లోపల ఉందో వాళ్ళకి తెలియాలి. నేను షాపుకి పరిగెత్తితే భోజనానికి షట్టరు దించేసి ఉంది. వెనకవైపు ఇంటి తలుపు కొట్టి షాపతన్ని లేపితే, "ఆయ్, అది మీ నాన్నగారికి ఎప్పుడూ ఇచ్చేదేనండి" అన్నాడు. పేరు చెప్పడానికి ఇంకో ఐదు నిమిషాలు పట్టింది.

అందుకని మీరు బయల్దేరే నెల రోజుల ముందే ఇవి చేయండి. మాత్రలు పూర్తి స్ట్రిప్పులుగా, బిల్లుతో కొనండి. ఉండబోయే రోజులకి సరిపడా, పైన ఇంకో రెండు వారాలకి. మీ డాక్టరు దగ్గరికెళ్ళి లెటర్‌హెడ్ మీద టైపు చేయించిన ఉత్తరం తీసుకోండి: ఏ జబ్బు, ఎన్నాళ్ళుగా, ఏ మందు, ఎంత మోతాదు, ఏ పూట. కంపెనీ పెట్టిన పేరు పక్కనే మందు అసలు పేరు ఉండాలి, ఎందుకంటే మన డోలో అక్కడ ఎవరికీ తెలియదు. పారాసెటమాల్ అన్నా అమెరికాలో చాలామందికి అర్థం కాదు, అక్కడ దాన్ని అసిటమినోఫెన్ అంటారు. ఆయాసానికి పీల్చే సాల్బుటమాల్‌ని ఆల్బుటెరాల్ అంటారు. మందు ఒకటే, పేరే వేరు.

ఊళ్ళో ఆర్‌ఎంపీ పొట్లం కట్టి ఇచ్చే మాత్రలుంటాయే, మోకాళ్ళ నొప్పికి "అబ్బ, ఎంత బాగా పనిచేస్తాయో" అనిపించేవి, వాటిలో ఏముందో ఆయన్నే కాగితం మీద రాయమనండి. రాయనంటే ఆ పొట్లాన్ని విమానం ఎక్కించకండి. వాటిలో స్టెరాయిడ్ ఉంటే, నెలల తరబడి వేసుకుని ఒక్కసారి ఆపేస్తే మనిషి నీరసించి పడిపోవచ్చు. కాబట్టి ఆ సంగతి మీ డాక్టరుతో ఇక్కడే తేల్చుకోవాలి. ఆకుపసర్లు, కషాయాలు, ఆయుర్వేదం మాత్రలు కూడా ఆ ఉత్తరంలో చేర్చండి. పాత ఈసీజీ ఒకటి దగ్గరుంటే మరీ మంచిది. కొత్త ఈసీజీని పాతదాని పక్కన పెట్టి చూస్తే డాక్టరుకి తేడా తెలుస్తుంది.

మనవాళ్ళు ఆవకాయ చేతిసంచిలో, మందులు పెద్ద పెట్టెలో పెడతారు. తిరగేయండి. పెట్టె ఇంకో ఊరికి పోయిందంటే ఆవకాయ లేకపోయినా బతుకుతారు. ఇన్సులిన్ అయితే చేతిసంచిలోనే ఉండాలి, విమానం అడుగున సామాను అరలో గడ్డకట్టిందంటే ఇక పనికిరాదు.

గల్ఫ్‌కి వెళ్ళేవాళ్ళకి ఇంకో జాగ్రత్త. నొప్పికిచ్చే ట్రామడాల్, కోడీన్ కలిసిన దగ్గు మందు లాంటివి అక్కడ నియంత్రణలో ఉన్న మందులు, ముందస్తు అనుమతి లేకుండా దొరికితే కేసే. మందు కాకపోయినా ఒకటి చెప్పాలి: కోడికూరలోకని అమ్మ పొట్లం కట్టిచ్చే గసగసాలు యూఏఈ, సౌదీ, సింగపూర్లలో నిషేధం. వంటింటి సరుకేగా అని తీసుకెళ్ళకండి.

బీమా: సంతకం పెట్టేముందు ఒక్క ప్రశ్న చదవండి

మా నాన్నకి బీపీ పన్నెండేళ్ళుగా ఉంది. పాలసీ ఇప్పించిన ఏజెంటు దరఖాస్తులో "పాత జబ్బులు ఉన్నాయా" అన్న చోట "లేవు" అని టిక్కు పెట్టాడు. "ఉన్నాయంటే ప్రీమియం పెరుగుద్దండి, ఎవరు చూస్తారు" అన్నాడట. ఆసుపత్రి వాళ్ళే చూశారు. మొదటి పేజీలోనే "పన్నెండేళ్ళ బీపీ" అని రాశారు. క్లెయిము తిరగ్గొట్టారు. ఏజెంటుని తిట్టుకున్నాం గానీ, కింద సంతకం నాన్నదే.

కాబట్టి బీపీ, షుగరు, పాత ఆపరేషను, థైరాయిడ్, అన్నీ రాయండి. రాశాక, వాటికి ఎంతవరకు ఇస్తారో అడగండి. మన దగ్గర అమ్మే ప్రయాణ పాలసీల్లో చాలావాటికి పాత జబ్బు మినహాయింపు ఉంటుంది, కొన్ని ప్రాణం మీదికొచ్చినప్పుడు మాత్రం ఒక పరిమితి దాకా ఇస్తాయి. అమెరికాలో అమ్మే విజిటర్ పాలసీల్లో "పాత జబ్బు హఠాత్తుగా ముదిరితే" అనే షరతు ఒకటుంటుంది. దానికి వయసు పరిమితి, డబ్బు పరిమితి వేరుగా ఉంటాయి. ఆ పేజీ మీ అబ్బాయి చేత చదివించుకోండి.

ఇంకో తేడా. ఫిక్స్‌డ్ బెనిఫిట్ అనే పాలసీ చవక, కానీ గది అద్దెకి రోజుకింత, స్కానింగ్‌కింత అని ముందే కట్టేసిన మొత్తమే ఇస్తుంది, మిగిలింది మీ నెత్తినే. కాంప్రహెన్సివ్ అనేది మీ వాటా పోగా మొత్తం పరిమితి దాకా భరిస్తుంది. అమెరికాకైతే రెండోదే తీసుకోవాలని నా అభిప్రాయం, డబ్బు తక్కువైతే ఉండే నెలలు తగ్గించుకోండి. యూరప్ షెంగెన్ వీసాకి కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఎలాగూ తప్పనిసరి.

మన ఆరోగ్యశ్రీ, అదే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు, విదేశంలో చెల్లదు. ఆయుష్మాన్ కార్డు కూడా అంతే. అడిగినవాళ్ళున్నారు కాబట్టి చెబుతున్నాను.

ఒక కాగితం లామినేషన్ చేయించండి

ఫోనులో ఉందిలే అనుకోవద్దు, ఫోను లాక్ అవుతుంది, ఛార్జింగ్ అయిపోతుంది. ఒకే కాగితం మీద పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు, జబ్బులు, మందులు, పడని మందులు, పాలసీ నంబరు, బీమా వాళ్ళ 24 గంటల ఫోను నంబరు, అక్కడున్న ఇద్దరివి, ఇక్కడున్న ఒకరివి నంబర్లు రాసి లామినేషన్ చేయించి పర్సులో పెట్టుకోండి. ఇంగ్లీషులో ఉండాలి. పాస్‌పోర్టు, వీసా, పాలసీ కాపీలు ఇక్కడ ఇంట్లో ఒక సెట్టు ఉంచండి. ఆ ఇంట్లో మనిషికి అవి ఎక్కడున్నాయో తెలియాలి. మా ఇంట్లో బీరువా తాళం అమ్మ తనతో అమెరికా పట్టుకెళ్ళిపోయింది.

ఆ రోజు వచ్చినప్పుడు

మొదటి పని పక్కనున్న మనిషికి చెప్పడం. "పిల్లలు ఆఫీసుకెళ్ళాలి, రేపు చెబుదాం" అనే మాట మన తల్లిదండ్రుల నోట ఎక్కువ. ఛాతీలో బిగుతు, ఎడమ చెయ్యి లాగడం, చెమటలు, మూతి వంకరపోవడం, మాట తడబడడం, ఊపిరాడకపోవడం, ఆగని రక్తం, స్పృహ తప్పడం: వీటిలో ఏది కనిపించినా రేపటిదాకా ఆగకూడదు. పక్షవాతంలో గడ్డ కరిగించే ఇంజక్షన్ మొదటి నాలుగున్నర గంటల్లోపే పనికొస్తుంది. లక్షణం మొదలైన టైము గడియారం చూసి చెప్పగలగాలి.

మన 108 లాగే ప్రతి దేశానికీ ఒక నంబరుంది. అమెరికా, కెనడాల్లో 911. బ్రిటన్‌లో 999. యూరప్ అంతటా 112. కువైట్‌లో 112, ఖతార్, బహ్రెయిన్లలో 999, ఒమాన్‌లో 9999. యూఏఈలో అంబులెన్సుకి 998, సౌదీలో 997. సింగపూర్లో 995, థాయిలాండ్‌లో 1669, ఆస్ట్రేలియాలో 000. వెళ్ళేచోటు నంబరొక్కటి ఆ కాగితం మీద పెద్దక్షరాలతో రాసుకోండి.

అమెరికాలో అంబులెన్సుకి బిల్లు పడుతుంది, నిజమే. అయినా గుండె, పక్షవాతం విషయాల్లో సొంత కారులో బయల్దేరకండి. దారిలోనే ఈసీజీ తీసి ముందుగా ఆసుపత్రికి కబురు పెట్టేది ఆ బండే. జ్వరం, మూత్రంలో మంట, చిన్న గాయం, బెణుకు లాంటివైతే ఎమర్జెన్సీకి పోనక్కర్లేదు, అర్జెంట్ కేర్ అని వీధి క్లినిక్కులుంటాయి. ఖర్చులో చాలా తేడా. ఇంకో మాట: 1986 నాటి అమెరికా చట్టం ప్రకారం దాదాపు ఏ ఆసుపత్రి అత్యవసర విభాగమైనా ముందు పరీక్ష చేసి ప్రాణాపాయం తప్పించాలి, బీమా ఉందా, డబ్బుందా అన్నది తర్వాతే. గుమ్మంలో అడ్వాన్సు కట్టమనరు. మా నాన్నకి ఈ సంగతి ముందే తెలిసుంటే ఆ వాము నమిలేవారు కాదు.

డాక్టరుతో ఎలా చెప్పాలి

ఇంగ్లీషు రాకపోతే తెలుగు దుబాసీ కావాలని అడగండి. అమెరికా ఆసుపత్రుల్లో ఇది ఉచితం, ఫోన్లోనో స్క్రీను మీదో దొరుకుతారు. కొడుకుల్నీ కోడళ్ళనీ పెట్టుకుని మాట్లాడడం సుఖంగానే ఉంటుంది గానీ, కోడలి ముందు మూలశంక గురించి చెప్పే మావగారు నాకింకా తగల్లేదు.

దుబాసీ ఉన్నా మన మాటలు కొన్ని దాటవు. "వేడి చేసిందండి" అంటే ఆవిడ జ్వరమని తర్జుమా చేస్తుంది. మీరనేది మూత్రంలో మంట, లేకపోతే నోటిపూత. "వాతం", "నంజు", "ఒళ్ళు పచ్చిగా ఉంది", ఇవేవీ వద్దు. ఎక్కడ, ఎప్పటినుంచి, నొక్కుతున్నట్టా, పొడుస్తున్నట్టా, నడిస్తే పెరుగుతోందా, అలా చెప్పండి. నొప్పికి పదిలో ఎన్ని మార్కులని అడుగుతారు. మా నాన్న గుండెపోటులో ఉండి "రెండు" అన్నారు. ఓర్చుకోవడం గొప్పని పెరిగిన తరం. అక్కడ ఆ అంకెను బట్టే మందు పడుతుంది, తగ్గించి చెప్పకండి.

దిగిన కొత్తలో జ్వరమొస్తే, ఇండియాలో ఏ తారీఖున బయల్దేరారో, మీరుండేది వరిచేలు, కాలవలు, దోమలు ఉన్న డెల్టా అనీ మీ అంతట మీరే చెప్పండి. డెంగీ దోమ కుట్టాక రెండు వారాల్లోపు బయటపడుతుంది. మలేరియా మామూలుగా వారం నుంచి నెలలోపు వస్తుంది, వైవాక్స్ రకమైతే నెలల తర్వాత కూడా. చేలో, మురుగునీళ్ళలో కాళ్ళు పెట్టినవాళ్ళకి ఎలుక జ్వరం ఉండనే ఉంది. అక్కడి డాక్టర్లకి ఇవి రోజూ చూసే జబ్బులు కావు. అడక్కపోతే ఫ్లూ అని పంపేస్తారు.

షుగరు అంకెల్లో కూడా ఒక తికమక ఉంది. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాల్లో మిషను 10 అని చూపిస్తే కంగారుపడి చక్కెర నోట్లో పోయకండి. 18తో గుణించండి, మన లెక్కలో 180.

అమెరికాలో చేర్చుకున్న రోజే ఒక ఫారం అడిగి సంతకం పెట్టండి: మీ ఆరోగ్యం గురించి ఎవరెవరికి చెప్పొచ్చో పేర్లు రాసేది. అది లేకపోతే ఇంకో రాష్ట్రం నుంచి కూతురు ఫోన్ చేసినా ఏమీ చెప్పకపోవచ్చు.

బీమా వాళ్ళకి ఫోను, ఆ రోజే

చాలా పాలసీల్లో చేరిన 24 గంటల్లోగా చెప్పాలని ఉంటుంది. రోగి పక్కన ఒకరుంటే, ఫోన్ చేయడానికి ఇంకొకరుండాలి. ఈ పని ఊళ్ళో ఉన్నవాళ్ళు చక్కగా చేయగలరు, అక్కడ రాత్రయితే ఇక్కడ పగలు. కేసు నంబరు తీసుకోండి, మాట్లాడినవాళ్ళ పేరు, తేదీ, టైము ఒక నోటుబుక్కులో రాయండి. ఆసుపత్రికి నేరుగా చెల్లిస్తారా, మనం కట్టి తర్వాత తెచ్చుకోవాలా అన్నది అప్పుడే తేల్చుకోండి. డబ్బు ఇక్కణ్ణుంచి పంపాలంటే బ్యాంకులో పాన్ కార్డు, ఏ2 ఫారం అడుగుతారు.

గల్ఫ్‌లో పనికి వెళ్ళినవాళ్ళకి

వీళ్ళ కథ వేరు. అక్కడ ఉండడానికి ఇచ్చే గుర్తింపు కార్డు, అంటే అకామా లేదా సివిల్ ఐడీయే ఆసుపత్రి తలుపు తాళం. దాని ఫొటో, పాస్‌పోర్టు ఫొటో దిగిన రోజే ఇంటికి పంపించండి. కఫీలు, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, పాస్‌పోర్టు తన దగ్గరే పెట్టుకునే ఇళ్ళలో ఆ ఫొటోయే ఆధారం.

ఈసీఆర్ పాస్‌పోర్టు (పనికి వెళ్ళడానికి ప్రభుత్వ అనుమతి అవసరమైనది) మీద ఈ-మైగ్రేట్ అనే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ద్వారా పనికి వెళ్ళేవాళ్ళకి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్ళకి 275, మూడేళ్ళకి 375 రూపాయలు ప్రీమియం, పైన పన్ను. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు. విజిట్ వీసా మీద తీసుకెళ్ళి పనిలో పెట్టేస్తామనే ఏజెంటు వెనక వెళ్ళినవాళ్ళకి ఇది ఉండదు. చౌకగా పంపించాడని ఊళ్ళో అతన్ని పొగుడుతాం, తేడా తెలిసేది ఆసుపత్రి మంచం మీదే.

ఒంట్లో బాగోలేదన్నా పనిచేసే ఇంటి యజమానులు ఆసుపత్రికి తీసుకెళ్ళకపోతే, ముందే రాసిపెట్టుకున్న భారత రాయబార కార్యాలయం నంబరుకి ఫోన్ చేయండి, లేదా ఊళ్ళో మీ ఇంటివాళ్ళు విదేశాంగ శాఖ వాళ్ళ మదద్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి. డబ్బులేని భారతీయుల అత్యవసర వైద్యానికి, ఇంటికి చేర్చడానికి రాయబార కార్యాలయాల దగ్గర 2009 నుంచి సంక్షేమ నిధి ఉంది. అడిగినవాళ్ళకే తెలుస్తుంది. రాష్ట్రం తరఫున ఏపీఎన్‌ఆర్‌టీ సంస్థ కూడా వీటిలో సాయం చేస్తుంది.

బిల్లు చూసి బెదరొద్దు

అమెరికాలో మొదట వచ్చే కాగితం మీది అంకె చివరి అంకె కాదు. ఒక్కో సేవకి ఎంతెంత వేశారో విడివిడిగా ఉన్న బిల్లు అడగండి. మా బిల్లులో ఒకే రక్తపరీక్ష రెండుసార్లు పడింది. లాభాపేక్ష లేని ఆసుపత్రులకి ఆర్థిక సాయం విధానం ఉండి తీరాలి, ఇంటికొచ్చాక పంపిన మొదటి బిల్లు తేదీ నుంచి కనీసం 240 రోజుల దాకా దరఖాస్తు తీసుకోవాలి. కొన్నిచోట్ల ఆ రాష్ట్రంలో ఉండేవాళ్ళకే అంటారు. అడగడానికి సిగ్గుపడకండి. తమ్ముడు నాన్న బ్యాంకు పుస్తకం, పింఛను కాగితం పెట్టి దరఖాస్తు చేస్తే చాలా భాగం తగ్గించారు, మిగిలింది వాయిదాల్లో కడుతున్నాడు. కొబ్బరితోట అలాగే ఉంది.

బ్రిటన్‌లో ఎమర్జెన్సీలో చూడడం ఉచితమే గానీ, వార్డులో చేర్చుకుంటే సందర్శకులకి ఒకటిన్నర రెట్ల ధర. 500 పౌండ్లు దాటిన బాకీ ఎగ్గొడితే తర్వాత వీసాకి అడ్డం పడుతుంది.

డాక్టరు వద్దంటుంటే "మా పూచీ మీద తీసుకుపోతాం" అని సంతకం పెట్టి బయటికి రావద్దు. మనకిక్కడ అలవాటు. అక్కడ దాన్ని పట్టుకుని బీమా వాళ్ళు పేచీ పెట్టొచ్చు.

తిరుగు ప్రయాణం

విమానం ఎక్కొచ్చని డాక్టరు రాసిచ్చే సర్టిఫికెట్ కావాలి. స్ట్రెచర్, ఆక్సిజన్ అవసరమైతే విమాన సంస్థ వైద్య ఫారం ముందే నింపాలి. అది రోజుల పని, టిక్కెట్టు కొనేముందే అడగండి. హైదరాబాదులోనో విశాఖలోనో దిగాక ఇంటిదాకా రోడ్డు ప్రయాణం కూడా లెక్కలో వేసుకోండి, పడుకుని రావాలంటే ఊరి నుంచి బండి ముందుగా పంపించాలి. అమెరికాలో ఉండే గడువు ఈలోగా అయిపోయేలా ఉంటే, అయిపోకముందే ఐ-539 ఫారంతో పొడిగింపు అడగాలి, ఆసుపత్రి ఉత్తరం జతచేసి.

వచ్చేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ, స్కానింగ్ సీడీలు, స్టెంటు కార్డు చేతిసంచిలో తెచ్చుకోండి. ఇక్కడి కంపెనీ పాలసీ అయి, క్లెయిము అన్యాయంగా కొట్టేస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలో న్యాయం జరక్కపోతే ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌కి వెళ్ళొచ్చు. రుసుము లేదు, 50 లక్షల దాకా వాళ్ళ పరిధి. మనకీ, పక్కనే యానాం వాళ్ళకీ హైదరాబాదు కార్యాలయమే. మేం వెళ్ళలేదు, ఆ టిక్కు అలా పెట్టాక వెళ్ళడానికి మొహం చెల్లలేదు.

దిగిన వారంలోగా ఆ ఫైలు పట్టుకుని ఇక్కడి గుండె డాక్టరుకి చూపించండి. అక్కణ్ణుంచి తెచ్చిన మాత్రలు అయిపోయేదాకా ఆగొద్దు. అదే మందు ఇక్కడ ఏ పేరుతో దొరుకుతుందో రాయించుకోండి. స్టెంటు వేసినవాళ్ళు రక్తం పలచబడే మాత్ర ఒక్కరోజు కూడా తమంతట తాము మానకూడదు, పన్ను పీకించుకోవడానికైనా సరే డాక్టర్ని అడిగాకే. ఈసారి షాపులో స్ట్రిప్పు కత్తిరించబోతే, మొత్తం ఇచ్చేయమనండి.